కణజీవశాస్త్ర పరిశోధకుల ప్రచురణలూ సైటేషన్లూ చదవడం ఎలా? అడుగడుగునా మార్గదర్శి

గూగుల్ స్కాలర్‌లో ఒక శాస్త్రవేత్త ప్రొఫైల్ తెరవగానే పక్కన చిన్న పట్టిక కనిపిస్తుంది. మొత్తం సైటేషన్లు (ఆ పేపర్లను ఇతర పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయన్న లెక్క), దాని మీదే కట్టిన హెచ్-ఇండెక్స్, ఐ10-ఇండెక్స్. అంతే, మూడు వరసలు. కింద ఎన్ని పేపర్లున్నా చాలామంది చూపు అక్కడే ఆగిపోతుంది. పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కుంటున్న విద్యార్థీ, నియామక కమిటీలో కూర్చున్న ప్రొఫెసరూ అదే పట్టిక చూసి ఒక నిర్ణయానికి వచ్చేస్తారు.

ఆ అంకెల్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే అవి చెప్పేది బహు తక్కువ. కణజీవశాస్త్రంలో మరీ తక్కువ. ఇక్కడ ఒక్కో పేపర్ వెనుక ఏళ్ల తరబడి మైక్రోస్కోప్ ముందు కూర్చున్న శ్రమ ఉంటుంది. సైటేషన్లు తెచ్చిపెట్టేది మాత్రం చాలాసార్లు ఆ పేపర్ కాదు, ఎప్పుడో రాసిన రివ్యూనో, పద్ధతిని వివరించిన ఇంకో వ్యాసమో. ఇలాంటి జాబితాలు చదువుతూ చదువుతూ నాకు అలవడిన క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఒక్కొక్కరికి రెండు మూడు గంటలు పడుతుంది. ఒకరి ఉద్యోగం గురించో, మన ఐదేళ్ల చదువు గురించో తేల్చుకునేటప్పుడు ఆ మాత్రం సమయం పెట్టి తీరాలి.

ఉదాహరణకు ఒక పరిశోధకురాలిని ఊహించుకుందాం. ఆమె పని ఆటోఫజీ మీద. కణం తనలో పాడైపోయిన భాగాలను పొరలో చుట్టి, జీర్ణం చేసుకుని, ఆ సరుకును మళ్లీ వాడుకునే ప్రక్రియ అది. సొంత ల్యాబ్ పెట్టి ఎనిమిదేళ్లయింది.

1. ముందు మనిషిని సరిగ్గా పట్టుకోండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. జీవ, వైద్య శాస్త్ర పేపర్లను వెతికే పబ్‌మెడ్‌లో ఇంటిపేరు, ఒక పొడి అక్షరం కొడితే ఒకే పేరుతో పదిమంది రావచ్చు. ఇంటిపేరు ముందు రాసే సమాజాల నుంచి వచ్చినవారి పేర్లు జర్నల్ జర్నల్‌కూ తారుమారవుతాయి. ఒక పేపర్‌లో ఇంటిపేరుగా అచ్చయినది ఇంకోదాంట్లో సొంత పేరవుతుంది. పెళ్లి తర్వాత పేరు మార్చుకున్నవారి పాత పేపర్లు కొత్త పేరు కింద దొరకవు.

ఒకసారి ఒక ఎంపిక కోసం నేను తయారుచేసిన జాబితాలో ఇద్దరు మనుషులు కలిసిపోయారు. ఒకరు కణపొరల రవాణా మీద పనిచేసేవారు, ఇంకొకరు మొక్కల కణగోడల మీద. పేర్లు అక్షరం పొల్లు పోకుండా ఒకటే. మూడేళ్ల పాటు ఒకే వ్యక్తి రెండు ఖండాల్లో పనిచేసినట్టు కనిపించినప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు. అప్పటినుంచి ప్రతి పేపర్‌కూ సంస్థ పేరు, తోటి రచయితలు, విషయం ఈ మూడూ సరిపోతున్నాయో లేదో చూడకుండా లెక్కలోకి తీసుకోవడం మానేశాను.

అన్నిటికన్నా నమ్మదగిన ఆధారం ఆర్కిడ్ సంఖ్య. 2012లో మొదలైన ఈ ఏర్పాటులో పేరు నమోదు చేసుకున్న ప్రతి పరిశోధకుడికీ పదహారు స్థానాల గుర్తింపు ఉంటుంది. పేరు మారినా, సంస్థ మారినా అది మారదు. అయితే ఆర్కిడ్ పేజీని నింపుకోవలసింది ఆ పరిశోధకులే కాబట్టి అందులో లేని పేపర్లు కూడా ఉండొచ్చు. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌ది దీనికి తలకిందుల సమస్య. యజమాని గమనించకపోతే వేరేవాళ్ల పేపర్లు కూడా తనంతట తానే తెచ్చి చేర్చేస్తుంది. ల్యాబ్ సొంత వెబ్‌పేజీని మూడో సాక్షిగా పెట్టుకోండి. మూడింటిలోనూ ఉన్నవి ఖాయం. ఒక్కదాంట్లోనే ఉన్నవి తెరిచి చూడాలి.

2. జాబితాను రకాలుగా విడదీయండి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి సంవత్సరం, శీర్షిక, జర్నల్, పేపర్ రకం, రచయితల్లో ఈమె స్థానం, మొత్తం రచయితల సంఖ్య, సైటేషన్లు ఇలా గడులు పెట్టుకోండి. అన్నిటిలోకీ ముఖ్యమైనది పేపర్ రకం. కొత్త ప్రయోగఫలితాలు చెప్పే పరిశోధన పేపర్ ఒకటి. రంగంలో ఇప్పటిదాకా జరిగిన పనిని క్రోడీకరించే రివ్యూ ఇంకొకటి. పద్ధతుల పేపర్లు, సాఫ్ట్‌వేర్ పేపర్లు, ఇతరుల పని మీద రాసిన రెండు పేజీల వ్యాఖ్యలు, సంపాదకీయాలు, దిద్దుబాట్లు అన్నీ వేరువేరు. ప్రొఫైల్‌లో ఇవన్నీ ఒకే వరసలో నిలబడి ఉంటాయి. ‘140 ప్రచురణలు’ అన్నచోట పరిశోధన పేపర్లు యాభైకి మించకపోవడం నేను చాలాసార్లు చూశాను.

ప్రీప్రింట్ల దగ్గర, అంటే జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్ల దగ్గర, కాస్త జాగ్రత్త. 2013 నవంబరులో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబొరేటరీ బయోఆర్కైవ్ అనే ప్రీప్రింట్ల వెబ్‌సైట్ మొదలుపెట్టిన తర్వాత కణజీవశాస్త్రంలో పేపర్‌ను ముందు అక్కడ పెట్టి, ఆ తర్వాత జర్నల్‌కు పంపడం బాగా అలవాటైంది. ఒకే పని రెండుచోట్ల రెండు శీర్షికలతో ఉండొచ్చు. వాటిని ఒకటిగానే లెక్కించి, సైటేషన్లు కలపండి. ఈలైఫ్ జర్నల్ 2023 నుంచి పీర్ రివ్యూ (అదే రంగం నిపుణుల సమీక్ష) తర్వాత ‘అంగీకరించాం’, ‘తిరస్కరించాం’ అని చెప్పడం మానేసింది. పేపర్‌నూ సమీక్షలనూ పక్కపక్కనే ప్రచురిస్తుంది. అలాంటి పేపర్ కనిపిస్తే ‘ఇది అచ్చయినట్టా కానట్టా’ అని తల పట్టుకోనక్కర్లేదు. సమీక్షలు అక్కడే ఉన్నాయి, చదవండి. ఒక పేపర్ మీద నిపుణులు ఏమనుకున్నారో అంత సూటిగా తెలిసే అవకాశం ఇంకెక్కడా అంత సులువుగా దొరకదు.

3. పేర్ల వరసలో ఆమె ఎక్కడున్నారు?

గణితంలో రచయితల పేర్లు సాధారణంగా అక్షరక్రమంలో ఉంటాయి. కణజీవశాస్త్రంలో వరసకు అర్థముంది. మొదటి పేరు ప్రయోగాల్లో సింహభాగం తన చేతులమీదుగా చేసినవారిది, ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థో, పీహెచ్‌డీ అయ్యాక ఇంకొకరి ల్యాబ్‌లో పనిచేసే పోస్ట్‌డాకో. చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. ప్రశ్న ఎంచుకుని, డబ్బు తెచ్చి, పనికి బాధ్యత వహించేది వారు. మధ్యలో ఉన్నవాళ్లు ఒక చిత్రం తీసిపెట్టినవారు కావచ్చు, ఒక ప్రొటీన్ శుద్ధి చేసి ఇచ్చినవారు కావచ్చు, రెండేళ్లు కష్టపడి కూడా మధ్యలో ఉండిపోయినవారూ కావచ్చు. ఇద్దరు ముగ్గురికి సమాన భాగస్వామ్యం ఉంటే పేర్ల పక్కన నక్షత్రం గుర్తు పెట్టి కింద రాస్తారు. ఆ చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి. ‘రెండో రచయిత’ అని మనం పక్కన పెట్టినవారు నిజానికి సమాన మొదటి రచయిత అయి ఉండొచ్చు.

మన స్ప్రెడ్‌షీట్‌ను ఇప్పుడు సంవత్సరాల వారీగా పేర్చి, స్థానం గడిని పైనుంచి కిందికి చూడండి. పీహెచ్‌డీ రోజుల్లో మొదటి పేరు, పోస్ట్‌డాక్ రోజుల్లో మళ్లీ మొదటి పేరు, ల్యాబ్ పెట్టాక రెండు మూడేళ్ల ఖాళీ, ఆ తర్వాత చివరి పేరు. ఈ నడక కనిపిస్తే ఒక శాస్త్రవేత్త తన కాళ్లమీద తాను నిలబడిన వైనం కళ్లముందు కనిపించినట్టే. ఆ రెండు మూడేళ్ల ఖాళీని చూసి కంగారు పడొద్దు. కొత్త ల్యాబ్‌కు పరికరాలు రావాలి, విద్యార్థులు చేరాలి, కణాలు పెరగాలి, మ్యూటెంట్లు (జన్యువు మారిన కణాలు) తయారు కావాలి. అదంతా అయ్యాకే మొదటి పేపర్. ఖాళీ ఇంకా పొడుగ్గా ఉంటే కారణం ప్రసవం కావచ్చు, అనారోగ్యం కావచ్చు, ల్యాబ్ ఊరు మారడం కావచ్చు. అడిగే హక్కు మనకున్నచోట మర్యాదగా అడగాలి. లేనిచోట ఊహించి మార్కులు తగ్గించకూడదు.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ల్యాబ్ పెట్టి ఎనిమిదేళ్లయినా ఆమె ముఖ్యమైన పేపర్లన్నిటిలో పాత గైడ్ పేరు చివర ఉంటే, సొంత దారి ఇంకా పడలేదని అర్థం. పాత గైడ్ పేరు మెల్లగా తగ్గుతూ, సొంత విద్యార్థుల పేర్లు ముందుకు వస్తుంటే అంతకన్నా మంచి సూచన ఉండదు. గైడ్‌ను వెతుక్కునే విద్యార్థికైతే సైటేషన్ల కన్నా ఇదే విలువైన సమాచారం. ఈమె దగ్గర చేరిన విద్యార్థులకు మొదటి రచయిత పేపర్ దక్కుతోందా? ఎన్నేళ్లకు? ఒకరికేనా, అందరికీనా?

చాలా జర్నళ్లు ఇప్పుడు పేపర్ చివర ఎవరు ఏం చేశారో రాయిస్తున్నాయి. క్రెడిట్ అనే పద్ధతిలో ఆలోచన, ప్రయోగం, సాఫ్ట్‌వేర్, రాత, పర్యవేక్షణ వంటి పద్నాలుగు పాత్రలున్నాయి. మధ్యలో ఉన్న పేరు విలువ తెలుసుకోవడానికి నేను మొదట చూసేది అదే.

4. సైటేషన్లు లెక్కపెట్టండి, ఎక్కడ లెక్కపెట్టారో రాసుకోండి

ఒకే పేపర్‌కు గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో ఇంకొకటి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో మరొకటి వస్తాయి. ఏదీ తప్పు కాదు, ఎవరు దేన్ని లెక్కిస్తారన్నదే తేడా. స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు, పుస్తకాలు అన్నీ తెస్తుంది కాబట్టి దాని అంకె సాధారణంగా పెద్దది. మిగతా రెండూ ఎక్కువగా ఎంచుకున్న జర్నళ్లకే పరిమితం, పైగా వాటి పూర్తి సమాచారానికి సంస్థలు చందా కట్టాలి. 2022లో వచ్చిన ఓపెన్‌అలెక్స్ అందరికీ ఉచితం. ఏది వాడినా ఒకరి అంకె ఒకచోట, ఇంకొకరి అంకె ఇంకోచోట తీసుకుని పోల్చకండి. అంకె పక్కన మూలం పేరు, చూసిన తేదీ రాసుకోండి. ఆరు నెలల తర్వాత మీ అంకెను ఎవరైనా ప్రశ్నిస్తే ఆ తేదీయే మీకు అండ.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. లెక్క సులువు. పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చండి. వరస సంఖ్య కన్నా సైటేషన్లు తక్కువైన చోట ఆగి, దానికి ముందున్న వరస సంఖ్యను తీసుకోండి. మన పరిశోధకురాలికి తొమ్మిది పేపర్లున్నాయనుకుందాం. సైటేషన్లు వరసగా 120, 64, 31, 18, 9, 7, 6, 3, 1. ఆరో పేపర్‌కు ఏడు సైటేషన్లున్నాయి, సరిపోయింది. ఏడో పేపర్‌కు ఆరే ఉన్నాయి, సరిపోలేదు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. పది లేదా అంతకుమించి సైటేషన్లున్నవి నాలుగు కాబట్టి ఐ10-ఇండెక్స్ 4. మొత్తం సైటేషన్లు 259.

ఇప్పుడు ఒకే ఒక్క పేపర్ చేరుద్దాం. ఆటోఫజీని ప్రయోగశాలలో ఎలా కొలవాలి, ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలి అన్నదానిపై ‘ఆటోఫజీ’ అనే జర్నల్ 2008 నుంచి కొన్నేళ్లకోసారి మార్గదర్శకాలు ప్రచురిస్తూ వస్తోంది. 2016 నాటి ప్రతిలో రచయితలు రెండు వేలకు పైమాటే. రంగంలో ఉన్నవాళ్లందరూ దాన్ని ఉదహరిస్తారు. మన పరిశోధకురాలు కూడా అలాంటి ఒక ప్రతిలో ఒక పేరై ఉండి, దానికి 5,000 సైటేషన్లున్నాయనుకోండి. ఆమె మొత్తం 259 నుంచి 5,259కి ఎగబాకింది. ఇరవై రెట్లు. హెచ్-ఇండెక్స్ మాత్రం ఆరు నుంచి ఏడుకు, ఒక్క మెట్టు ఎక్కింది. ఈ లెక్క మీరే కాగితం మీద ఒకసారి వేసి చూడండి. ‘మొత్తం సైటేషన్లు’ అన్న అంకెను ఆ తర్వాత ఎప్పుడూ పాత కళ్లతో చూడలేరు.

ఆ మార్గదర్శకాలు నిజంగా ఉపయోగపడే పత్రాలు, వాటిలో పేరుండటం తప్పేమీ కాదు. ఒక్కరి ప్రభావం కొలిచేటప్పుడు మాత్రం వాటిని విడిగా రాసి, ‘ఇది కాక’ అని మొత్తం వేయాలి.

హెచ్-ఇండెక్స్‌కూ లోపాలున్నాయి. అది ఎప్పటికీ తగ్గదు, పరిశోధన మానేసినా పెరుగుతూ పోవచ్చు. పేర్ల వరసలో స్థానం దానికి తెలియదు. వయసులో పెద్దవారికి అనుకూలం. ఒకే రంగంలో, ఒకే వయసు ల్యాబ్‌లను పోల్చడానికి పనికొస్తుంది, అంతకుమించి మోయించకూడదు.

5. ఆ సైటేషన్లు ఎందుకు వచ్చాయి?

వెబ్ ఆఫ్ సైన్స్ ఆధారంగా 2014లో తయారైన ఒక జాబితాలో, అప్పటిదాకా అత్యధికంగా ఉదహరణ పొందిన మొదటి మూడు పేపర్లూ కణజీవశాస్త్ర ల్యాబ్‌లలో రోజూ వాడే పద్ధతులవే. 1951 నాటి లౌరీ పేపర్, ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి, దానికి మూడు లక్షలకు పైగా. 1970 నాటి లెమ్లి పేపర్, ప్రొటీన్లను పరిమాణం ప్రకారం విడదీసే జెల్ పద్ధతి, దానికి రెండు లక్షలకు పైగా. 1976 నాటి బ్రాడ్‌ఫోర్డ్ పేపర్, ఇదీ ప్రొటీన్ కొలతే, లక్షన్నరకు పైగా.

వీటిలో లెమ్లి పేపర్‌ను తెరిచి చూడండి. అది నిజానికి టీ4 అనే వైరస్ తల ఎలా కూడుకుంటుందో చెప్పే పేపర్. శీర్షికలో జెల్ అన్న మాటే లేదు. ఆ ప్రయోగం కోసం ఆయన మెరుగుపరచిన జెల్ పద్ధతిని ప్రపంచమంతా తీసుకుంది. దాన్ని ఉదహరించిన లక్షల మందిలో వైరస్ తల గురించి పట్టించుకున్నవారు ఎందరుంటారు? పేపర్ గొప్పతనం తగ్గిందని కాదు. సైటేషన్ అంటే ‘ఈ ఆవిష్కరణ నన్ను కదిలించింది’ అని కాకుండా ‘ఈ బఫర్ ద్రావణం నేనూ వాడాను’ అని కూడా కావచ్చు, అంతే.

కాబట్టి మన పరిశోధకురాలి మొదటి మూడు నాలుగు పేపర్లలో ఒక్కోదానికి, దాన్ని ఉదహరించిన ఇరవై పేపర్లు తెరవండి. వరసగా మొదటి ఇరవై తీసుకుంటే అవే ప్రసిద్ధ పేపర్లు వస్తాయి, అందుకే వేర్వేరు సంవత్సరాల నుంచి ఏరుకోండి. ఆమె పేరు ఏ వాక్యంలో వచ్చిందో చూడండి. ఉపోద్ఘాతంలో పదిమంది పేర్ల మధ్య ఒకటిగానా? పద్ధతుల భాగంలోనా? ‘ఈ ప్రొటీన్ ఇక్కడ ఉంటుందని ఫలానావారు చూపారు, దాని ఆధారంగా మేము ఇది చేశాం’ అనా? ‘వారి ఫలితం మాకు రాలేదు’ అనా? నాలుగు గడులు గీసి గుర్తులు పెట్టుకుంటే గంటలో తేలిపోతుంది. మూడో రకం సైటేషన్లు ఇరవైలో నాలుగైదున్నా ఆ పేపర్ రంగాన్ని ముందుకు తోసిందని నేను నమ్ముతాను.

సొంత సైటేషన్లు కూడా ఇప్పుడే చూడండి. తన పాత పని మీద కట్టుకుంటూ పోయే ల్యాబ్ తనను తాను ఉదహరించుకోక తప్పదు. అది సహజం. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ రెండూ వాటిని తీసేసి చూపిస్తాయి. తీసేశాక అంకె సగానికి పడిపోతే మాత్రం కారణం వెతకాలి.

6. పోలిక న్యాయంగా ఉండాలి

120 సైటేషన్లున్న పేపర్ పన్నెండేళ్ల నాటిది అనుకుందాం. ఏడాదికి పది. తొమ్మిది సైటేషన్లున్నది నిరుడు వచ్చింది. ఏడాదికి తొమ్మిది. పట్టికలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం కనిపించిన ఈ రెండూ దాదాపు ఒకే వేగంతో నడుస్తున్నాయి. వయసును భాగించకుండా ఏ పోలికా చేయకండి.

రంగం తేడా ఇంకా పెద్దది. క్యాన్సర్ కణాల మీద పనిచేసేవారు వేలమంది. ఏకకణజీవుల శైలికల (కణం మీది సన్నటి వెంట్రుకల్లాంటి భాగాల) మీద పనిచేసేవారు కొద్దిమందే. రెండో రంగంలో నలభై సైటేషన్లంటే ఉన్నవాళ్లందరూ చదివినట్టే కావచ్చు. దీన్ని సరిచేసే కొలతలు కొన్నున్నాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఐసైట్ అనే ఉచిత సాధనంలో రిలేటివ్ సైటేషన్ రేషియో దొరుకుతుంది. ఒక పేపర్‌తో పాటు కలిసి ఉదహరణ పొందే పేపర్లే దాని రంగం అని తీసుకుని లెక్క వేస్తుంది. విలువ 1 అంటే ఆ సంస్థ నిధులతో వచ్చిన పేపర్లలో నడిమి పేపర్‌తో సమానం. పబ్‌మెడ్ సంఖ్యలు అతికిస్తే చాలు, నిమిషంలో వస్తుంది. స్కోపస్‌లో ఇలాంటిదే ఇంకో కొలత ఉంది, అక్కడ 1 అంటే ప్రపంచ సగటు. ఇటీవలి పేపర్లకు ఈ విలువలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి రెండేళ్లు నిండినవాటికే వాడండి.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను ఈ లెక్కలో అసలు తేవద్దని నా గట్టి అభిప్రాయం. అది జర్నల్ కొలత. ఒక జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చినవాటికి ఈ ఏడాది అందిన సైటేషన్లను, ఆ రెండేళ్లలో అచ్చయిన పరిశోధన, రివ్యూ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు. ఆ సగటును ఎక్కువగా మోసేది కొద్దిపాటి పేపర్లు, మిగతావి దానికి ఎంతో కింద ఉంటాయి. లైబ్రరీలు ఏ జర్నళ్లు కొనాలో తేల్చుకోవడానికి పుట్టిన అంకె, మనుషులను తూచే రాయిగా మారింది. దీనికి వ్యతిరేకంగా గొంతెత్తినవారిలో కణజీవశాస్త్రవేత్తలు ముందున్నారు. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ వార్షిక సమావేశం జరుగుతున్నప్పుడు కొందరు సంపాదకులు, ప్రచురణకర్తలు కూర్చుని రూపొందించినదే డోరా ప్రకటన. మరుసటి ఏడాది మేలో విడుదలైంది. నియామకాల్లో, నిధుల్లో, పదోన్నతుల్లో జర్నల్ అంకెలను పేపర్ నాణ్యతకు బదులుగా వాడొద్దన్నది దాని సారం. మీ సంస్థ దానిమీద సంతకం చేసిందో లేదో చూడండి. చేసి ఉంటే, కమిటీలో ఎవరైనా ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు కూడుతున్నప్పుడు గుర్తుచేయడానికి మీకు ఆధారం ఉంది.

7. కాలం గీతను చూడండి

ఏడాదివారీ సైటేషన్ల పటాన్ని ఒక్కో పేపర్‌కూ విడిగా తెరవండి. కొన్ని వచ్చిన రెండో ఏడాదే పైకి లేచి, నాలుగో ఏటికి చల్లారిపోతాయి. కొన్ని ఏళ్లకేళ్లు నేలమీద పాకి, ఉన్నట్టుండి లేస్తాయి.

జపాన్ కణజీవశాస్త్రవేత్త యోషినొరి ఓసుమి 1988లో టోక్యో విశ్వవిద్యాలయంలో తన చిన్న ల్యాబ్ మొదలుపెట్టారు. ఈస్ట్ కణాలను ఆకలితో ఉంచి, లోపలి ఎంజైములు పనిచేయకుండా చేసి, మైక్రోస్కోప్‌లో చూస్తే వాటి వాక్యూల్‌లో (లోపలి సరుకును జీర్ణం చేసే కోశంలో) గుండ్రటి చిన్న సంచులు పేరుకుపోవడం కనిపించింది. కణం తనను తాను తింటున్న దృశ్యం. ఆ పేపర్ 1992లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో వచ్చింది. ఆ పని చేయలేని పదిహేను మ్యూటెంట్ల పేపర్ 1993లో ఫెబ్స్ లెటర్స్‌లో వచ్చింది. ఆ జర్నల్ పేరు చూసి ఏ కమిటీ లేచి నిలబడదు. ఆ నాడు ఆటోఫజీ మీద పనిచేసేవారే కొద్దిమంది, ఉదహరించడానికి మనుషులు ఉండాలిగా. ఆ మ్యూటెంట్ల నుంచి దొరికిన జన్యువులకు జోడీలు మన కణాల్లోనూ ఉన్నాయని తెలిశాక రంగం ఉప్పెనలా పెరిగింది. 2016లో ఓసుమికి నోబెల్ వచ్చింది. 1995లో ఎవరైనా ఆయన సైటేషన్లు కూడి ఆయన పనిని తేల్చేసి ఉంటే ఏమై ఉండేదో ఆలోచించండి.

ప్రతి తక్కువ సైటేషన్ పేపర్ వెనుకా ఒక ఓసుమి ఉంటారని దీనర్థం కాదు. ఆయన పేపర్లను చదివి ఉంటే అందులో కొత్తది ఉందని అప్పుడే తెలిసేది.

8. రికార్డు ఆరోగ్యం

ఇది త్వరగా అయ్యే పని, అయినా వదలకండి. ప్రతి పేపర్‌నూ పబ్‌మెడ్‌లో తెరిస్తే ఉపసంహరించినవాటికీ దిద్దుబాటు జరిగినవాటికీ పైన గుర్తు ఉంటుంది. ఉపసంహరించిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ 2023 నుంచి క్రాస్‌రెఫ్ అనే సంస్థ చేతిలో అందరికీ ఉచితంగా ఉంది. పబ్‌పీర్ అనే వెబ్‌సైట్‌లో అచ్చయిన పేపర్ల మీద పాఠకుల ప్రశ్నలుంటాయి.

కణజీవశాస్త్రంలో సాక్ష్యం ఎక్కువగా బొమ్మలే కాబట్టి తప్పులూ అక్కడే జరుగుతాయి. ప్రొటీన్ ఉనికిని చూపే గీతను, అంటే ఒకే బ్యాండ్‌ను, రెండుచోట్ల అతికించడం, ఒకే కణాల చిత్రాన్ని రెండు ప్రయోగాలకు వాడటం వంటివి. జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ 2002 నుంచే అంగీకరించిన పేపర్లలోని చిత్రాలను అచ్చుకు ముందు పరీక్షించడం మొదలుపెట్టింది. ఎలిసబెత్ బిక్, ఆమె సహచరులు 20,621 పేపర్లు కంటితో పరిశీలించి, 2016లో ప్రకటించిన ఫలితం ప్రకారం 3.8 శాతంలో చిత్రాలు అనుమానాస్పదంగా ఉన్నాయి.

ఒక దిద్దుబాటు కనిపించగానే మనిషి మీద ముద్ర వేయకండి. తప్పు తామే గమనించి, అసలు చిత్రాలు బయటపెట్టి, సరిచేసుకున్నవారిని నేను ఎక్కువ నమ్ముతాను. అనుమానం రావాల్సింది ఒకే రకం ప్రశ్నలు చాలా పేపర్లలో, వేర్వేరు మొదటి రచయితలతో, ఏళ్ల తరబడి జవాబు లేకుండా కనిపించినప్పుడు.

9. మూడు పేపర్లు తెరిచి చదవండి

ఇప్పటిదాకా చేసినదంతా ఈ అడుగు కోసమే. ఆమె చివరి రచయితగా ఉన్న పరిశోధన పేపర్లలో ఎక్కువ సైటేషన్లున్నది ఒకటి, ఇటీవలిది ఒకటి, ఎవరూ పట్టించుకోనిది ఒకటి తీసుకోండి. వీలైతే ‘మీకు నచ్చినది ఏది’ అని ఆమెనే అడిగి నాలుగోదీ చదవండి. ఆ జవాబు చాలాసార్లు మన జాబితాలో అట్టడుగున ఉంటుంది.

బొమ్మల దగ్గర నిదానించండి. గ్రాఫ్ కింద ‘300 కణాలు’ అని ఉంటే ఆ కణాలు ఎన్ని విడి ప్రయోగాల నుంచి వచ్చాయో వెతకండి. ఒకే రోజు, ఒకే పళ్లెంలోని మూడొందల కణాలు మూడొందల సాక్ష్యాలు కావు. మూడు వేర్వేరు రోజుల ప్రయోగాలైతే సాక్ష్యాలు మూడు. వాడిన కణవరుస (ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే ఒకే రకం కణాలు) నిజంగా అదేనని పరీక్షించారా? వేరే కణాలు కలిసిపోయి, పేరొకటి కణమొకటి అయిన ఉదంతాలు ఈ రంగంలో కొల్లలు, ఎక్కువసార్లు చొరబడేది 1951లో ఒక క్యాన్సర్ కణితి నుంచి తీసిన హీలా కణాలే.

ఆటోఫజీ పేపర్‌లో నేను మొదట వెతికేది ఒక్కటే వెస్టర్న్ బ్లాట్, అంటే ఒక ప్రొటీన్ ఎంతుందో బ్యాండ్‌గా చూపే చిత్రం. ఎల్‌సీ3-రెండు అనే ప్రొటీన్ బ్యాండ్ మందం పెరిగిందని చూపించి ‘ఆటోఫజీ పెరిగింది’ అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ బ్యాండ్ రెండు కారణాల వల్ల పెరగొచ్చు. సంచులు ఎక్కువ తయారైనా పెరుగుతుంది, తయారైనవి కణంలో జీర్ణం చేసే లైసోజోమ్‌లో కరగకుండా ఆగిపోయినా పెరుగుతుంది. మొదటిది ప్రక్రియ జోరు, రెండోది ప్రక్రియకు అడ్డంకి. ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. తేడా తెలియాలంటే బాఫిలోమైసిన్ వంటి మందుతో కరగడాన్ని ఆపి, మందు ఉన్నప్పుడూ లేనప్పుడూ పక్కపక్కన చూపించాలి. ఆ వరస అక్కడ ఉందంటే ఆ ల్యాబ్ తన ప్రశ్నను తానే గట్టిగా అడుగుతోందని తెలుస్తుంది. ఏ సైటేషన్ పట్టికలోనూ దీనికి గడి లేదు. మీ రంగం వేరైతే అందులోనూ ఇలాంటి కంట్రోల్ (పోల్చి చూడటానికి చేసే ప్రయోగం) ఒకటి తప్పక ఉంటుంది. అదేమిటో తెలియకపోతే తెలిసినవారిని అడిగి, ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టండి.

10. అరపేజీ నోట్ రాయండి

అంకెలతో మొదలుపెట్టకండి. ఆమె ఏ ప్రశ్న వెంట వెళుతున్నారు, ఇప్పటికి ఏం తేల్చారు అన్నది మొదటి రెండు వాక్యాలు. ఏ పేపర్లు ఆమె సొంత నాయకత్వంలో వచ్చాయో తర్వాత. ఆ పనిని ఇతరులు ఎలా వాడుకున్నారో, మీరు చదివిన సైటేషన్ల నుంచి ఒకటి రెండు ఉదాహరణలతో. అంకెలు చివరన, ఇలా:

‘పరిశోధన పేపర్లు 9, వాటిలో చివరి రచయితగా 5. సైటేషన్లు 259, వేలమంది రాసిన మార్గదర్శకాల పత్రం ఒకటి ఇందులో కలపలేదు. హెచ్-ఇండెక్స్ 6. మూలం గూగుల్ స్కాలర్, చూసిన తేదీ ఫలానా. చదివిన పేపర్లు మూడు, వాటి శీర్షికలు కింద ఉన్నాయి.’

నోట్‌ను కమిటీకి పంపేముందు, వీలున్నచోట, ప్రచురణల జాబితా వరకు ఆ పరిశోధకురాలికే చూపించి ఏమైనా తప్పిపోయాయేమో అడగండి. పేరు మారకముందు రాసిన ఒక పేపర్ దాదాపు ప్రతిసారీ అక్కడ బయటపడుతుంది.